బదులు దొరకని జాబులు

మావారు పాఠశాలలో చరిత్రము బోధింతురు. రాత్రి భోజనములైన పిదప తాము చదువుచున్న గ్రంథమును మాకును వినిపించుట వారి వాడుక. మేము చిన్ననాడు తాతగారియొద్ద పంచకావ్యములును భారతమును చదివికొంటిమి గాని పరదేశముల కథలంతగా నెరుగము. కావున శ్రద్ధతో విందుము. మొన్నటి వేసవిలో వారు రోము మహావక్తయు రాజనీతిజ్ఞుడునైన సిసిరో తన భార్య టెరెన్షియాకు వ్రాసిన జాబులు వినిపించిరి. అవి 24 కలవు. అన్నియు విని, “ఆమె వ్రాసిన బదులు జాబులేవి?” అని యడిగితిమి. వారు పుటలు త్రిప్పి చూచి, “ఒక్కటియు నిలువలేదు” అనిరి. ఆనాటినుండి ఆ యిల్లాలు మా మనస్సును విడువకున్నది.

టెరెన్షియా సంపన్నుల బిడ్డ. క్రీస్తునకు పూర్వము 79 ప్రాంతమున సిసిరోను పెండ్లాడెను. ఆమె తెచ్చిన కట్నము లక్ష దీనారులని ప్లూటార్కు వ్రాసియున్నాడు. మన ప్రాచీన గ్రంథములలోని దీనారశబ్దము ఈ రోము నాణెపు పేరునుండి వచ్చినదే. ఆ దంపతులకు తుల్లియా యను కూతురును, మార్కసను కుమారుడును కలిగిరి. క్రీ.పూ. 63లో సిసిరో కాన్సలు అను అత్యున్నతపదవి నధిష్ఠించెను. ఆమె తన యింటి విచారములలో భర్తకు పాలిచ్చినదానికంటె భర్త రాజకార్యములలో తాను పాలుగొన్నదే హెచ్చని ఆయనయే చెప్పెనట.

క్రీ.పూ. 58లో క్లోడియసను శత్రువు సిసిరోను దేశమునుండి వెడలగొట్టించెను. పాలటైను కొండమీది వారి యిల్లు దగ్ధమయ్యెను. భర్త సముద్రము దాటిపోగా టెరెన్షియా రోములోనే నిలిచెను. శత్రువు లామెను వెస్తాదేవి యాలయమునుండి బహిరంగస్థలమునకు గొనిపోయిరి. ఆ వార్త చదివి కన్నీరు మున్నీరుగా నేడ్చితినని సిసిరో వ్రాసెను. ఈ ఘట్టము విన్నపుడు మాకు కురుసభ జ్ఞప్తికి వచ్చినది. కాని ద్రౌపది సభలో వేసిన ప్రశ్నను వ్యాసభగవానుడు విడువక వ్రాసిపెట్టెను. టెరెన్షియా నాడేమనెనో వ్రాసినవారు లేరు. భర్తను రప్పించుటకై ఆమె తన సొంత యాస్తిలో కొంత విక్రయింపబూనగా, బిడ్డవాని గతి యేమగునని ఆయన వారించెను. ఆనాటి జాబులలో ఆమెను వెలుగుతో పోల్చి విలపించెను. మరుసటి యేట ఆయన రోమునకు మరలి వచ్చెను.

పదియేండ్లు గడచెను. సీజరునకును పాంపేకును యుద్ధము వచ్చినది. సిసిరో పాంపే పక్షముననుండి, ఆ పక్షము 48లో ఓడిన పిదప బ్రండూసియము రేవున సీజరు క్షమాపణమునకై సుమారొక యేడు వేచియుండెను. జాబులు చిన్నవాయెను, మాటలు చల్లబడెను. 47 అక్టోబరు 1వ తేదీన వ్రాసినదే మనకు దక్కిన కడపటిది. తాను వచ్చుచున్నాననియు, స్నానపుగదిలో తొట్టి లేనిచో పెట్టింపుమనియు అందలి సారము. మరుసటి యేడు ఆమెను విడిచిపుచ్చెను.

ఆమెపై మోపిన నేరములేవి? ఆపదలో భర్తను చూడ బ్రండూసియమునకు పోలేదనుట యొకటి. కాని 48 నవంబరులో సిసిరోయే, దారి దూరము, అపాయకరము, నీవు వచ్చియు చేయగలదేమియు లేదని వ్రాసెను. ఆ జాబు నేటికిని కలదు. ధనము దాచెననుట రెండవది. 12 వేల సెస్టర్సు లడుగగా, మిగిలినది ఇంతే యని 10 వేలు పంపెనని ఆయన మిత్రుడు అట్టికసునకు మొరపెట్టుకొనెను. తక్కిన రెండువేలు ఏమాయెనో చెప్పు ఆమె లెక్క మనకు దక్కలేదు. ఆమె నిర్దోషురాలని మేము తీర్పు చెప్పుటలేదు. ఒక పక్షము వాఙ్మూలమే యున్నచోట తీర్పెట్లు చెప్పుదుమని మాత్రమే మా ప్రశ్న.

ఈ ప్రశ్న మాకు ఊరక పుట్టలేదు. మా యమ్మగారు గతించిన పిమ్మట వారి పెట్టె విప్పితిమి. అందు మా నాన్నగారు ఉద్యోగార్థము దూరముననుండి వ్రాసిన జాబుల కట్ట యుండెను. ఒకదానిలో, “పంపిన యేబదిరూపాయలు పది దినములకే యెట్లు చెల్లెను? నీ చేతికి నిలుకడ లేదు” అని యుండెను. అది చదివి మా తోబుట్టువులమెల్లరము నవ్వితిమి. అమ్మకు చేయి జారుడని అప్పటికే మాకొక నమ్మకము. పెట్టె యడుగున చిట్టాపుస్తకము దొరకినది. ఆ నెల పుటలో, “ఆడబిడ్డ పురుటికి 22, మామగారి మందులకు 11” అని అమ్మగారి దస్తూరి. మా నవ్వు నిలిచిపోయినది. ఆమె ఆ సంగతి నాన్నగారికి తెలిపిరో లేదో. తెలిపియుండిన ఆ జాబు దక్కలేదు. నిన్నటివరకు మేమును సిసిరో పక్షమువారమే.

టెరెన్షియా మాటగా మనకు మిగిలినది ఒక్కటే. తనపై చెప్పిన కారణములు నిజము కావని ఆమె యనెనని, సుమారు 150 యేండ్ల పిమ్మట ప్లూటార్కు వ్రాసెను. విడాకులైన కొలదికాలమునకే సిసిరో పుబ్లీలియా యను చిన్నదానిని పెండ్లాడుటచే ఆమె మాటకు బలము కలిగెననియు ఆతడే చెప్పెను. తుల్లియా 45లో మరణించెను. సిసిరో 43 డిసెంబరు 7వ తేదీన శత్రువులచే హతుడయ్యెను. టెరెన్షియా 103 యేండ్లు జీవించెనని ప్లినీ చెప్పుచున్నాడు. అంత దీర్ఘాయువులో ఆమె యెన్ని జాబులు వ్రాసెనో! సిసిరో జాబులు మాత్రము క్రైస్తవ ప్రధానాలయముల గ్రంథాలయములలో భద్రముగా నుండి, 1345లో పెట్రార్కుచేతను, 1392లో సాలుటాటిచేతను మరల వెలికివచ్చినవి.

సోదరీమణులారా, మన వ్రాత యేపాటిదని మీ చిట్టాలను పొయ్యిలో వేయకుడు. మేము మా యమ్మగారి చిట్టాను నాన్నగారి జాబులతో చేర్చి, ఒకే గుడ్డలో మూటగట్టి పెట్టెలో నుంచితిమి. రేపు మా బిడ్డలు విప్పినచో రెండును చదువుదురు.