16 కెపాసిటర్లు, ఒక అన్నయ్య

ఆర్‌సీ సర్క్యూట్ చార్జింగ్ కర్వ్ మనందరం ల్యాబ్ రికార్డులో గీసిందే. పక్కవాడి రికార్డు చూసి గీసినా సరే, గీశాం. మొదట్లో జర్రున పైకి లేచి, తర్వాత బద్ధకంగా వంగిపోయే ఆ గీత మీద మా అన్నయ్య ప్రాణం ఆధారపడి ఉందని నాకు సెకండియర్ సెలవుల్లో తెలిసింది.

అన్నయ్య అండమాన్‌లో స్కూబా ఇన్‌స్ట్రక్టర్. టూరిస్టుల్ని పది పన్నెండు మీటర్ల లోతుకి తీసుకెళ్లి చేపలు చూపిస్తాడు. ఆ మధ్య ఈజిప్ట్‌లోని దాహబ్ వెళ్లి, ఎర్ర సముద్రంలో టెక్నికల్ డైవింగ్ నేర్చుకొచ్చాడు. రెంటికీ చాలా తేడా ఉంది. మామూలు డైవ్‌లో ఏదైనా తేడా వస్తే నెమ్మదిగా నేరుగా పైకి వచ్చేయొచ్చు. డీకంప్రెషన్ డైవ్‌లో ఆ వీలుండదు. పైన వెలుతురు కనిపిస్తున్నా, పడవ అడుగు కనిపిస్తున్నా, మధ్యలో కంటికి కనపడని కప్పు ఒకటి ఉంటుంది. సీలింగ్ అంటారు. టైమ్ కాకుండా దాన్ని దాటకూడదు.

ఎందుకంటే సముద్రంలో ప్రతి 10 మీటర్లకీ సుమారు ఒక అట్మాస్ఫియర్ పీడనం పెరుగుతుంది. 50 మీటర్ల దగ్గర మొత్తం 6. ఆ పీడనంలో పీల్చిన నైట్రోజన్ రక్తంలోకీ, కండరాల్లోకీ, కొవ్వులోకీ కరుగుతూ పోతుంది. గోలీ సోడా గుర్తు తెచ్చుకోండి. గోలీ బిగించి ఉన్నంతసేపూ లోపలి గ్యాస్ కనపడదు. గోలీ నొక్కగానే బుస్సుమంటుంది. గబుక్కున పైకొచ్చిన మనిషి ఒంట్లోనూ బుడగలు అలాగే పుడతాయి. కీళ్ల నొప్పులతో మొదలై పక్షవాతం దాకా వెళ్లొచ్చు.

ఎంతసేపు ఆగితే చాలు అనే లెక్కని మొదట గట్టిగా కట్టింది జాన్ స్కాట్ హాల్డేన్. బ్రిటిష్ నేవీ కోసం మేకల మీద ప్రయోగాలు చేసి 1908లో ఆ ఫలితాలు ప్రచురించాడు. శరీరాన్ని ఐదు ఊహాజనిత కంపార్ట్‌మెంట్లుగా విడగొట్టి, ఒక్కోదానికి ఒక్కో హాఫ్‌టైమ్ ఇచ్చాడు. తర్వాత జ్యూరిక్‌లో ఆల్బర్ట్ బూల్‌మన్ వాటిని 16 చేశాడు. ఈసీఈ భాషలో చెప్పాలంటే ఒకే సప్లైకి కట్టిన 16 కెపాసిటర్లు, ఒక్కోదానికి ఒక్కో రెసిస్టర్. లోతుకి దిగి 20 నిమిషాలు ఉంటే, 5 నిమిషాల హాఫ్‌టైమ్ ఉన్న కంపార్ట్‌మెంట్ 94 శాతం దాకా నిండిపోతుంది. 635 నిమిషాల కంపార్ట్‌మెంట్ 2 శాతం దగ్గరే ఉంటుంది. పైకి వచ్చేటప్పుడు ఇవన్నీ డిశ్చార్జ్ అవ్వాలి. ఏ ఒక్కటీ హద్దు దాటకూడదు.

అన్నయ్య చేతికున్న డైవ్ కంప్యూటర్ చేసేది ఈ లెక్కే. దాంట్లో ఒక ప్రెషర్ సెన్సర్, ఒక గడియారం ఉంటాయి. ఏ గ్యాస్ పీలుస్తున్నాడో అతనే చెప్పాలి. 21 మీటర్ల దగ్గర 50 శాతం ఆక్సిజన్ ఉన్న సిలిండర్‌కి మారి, ఆ సంగతి కంప్యూటర్‌కి చెప్పకపోతే అది పాత గ్యాస్‌తోనే లెక్క కడుతూ పోతుంది. రక్తంలో నైట్రోజన్ ఎంతుందో అది కొలవదు. రాత్రి నిద్ర లేదని దానికి తెలీదు. సుమారు 25 శాతం మందికి గుండె పై గదుల మధ్య చిన్న దారి మూసుకోకుండా మిగిలిపోతుంది, బుడగలు అటు నుంచి దాటిపోవచ్చు. అదీ దానికి తెలీదు.

ఇదంతా విన్నాక మినీ ప్రాజెక్ట్‌గా బూల్‌మన్ మోడల్‌ని పైథాన్‌లో రాశాను. కోడ్ వంద లైన్లు కూడా లేదు. అందులో గ్రేడియంట్ ఫ్యాక్టర్స్ అని రెండు అంకెలుంటాయి. బూల్‌మన్ గీసిన హద్దుకి ఎంత శాతం దగ్గరగా వెళ్లడానికి మనం ఒప్పుకుంటామో అవి చెప్తాయి. మొదటి అంకె మొదటి స్టాప్ ఎంత లోతులో మొదలవ్వాలో, రెండోది నీటి పైకి ఎప్పుడు రావచ్చో నిర్ణయిస్తాయి. రెండో అంకెని 70 నుంచి 85 చేశాను. ఆగాల్సిన నిమిషాలు టక్కున తగ్గిపోయాయి. సముద్రం మారలేదు, మనిషి మారలేదు. అంకె మారిందంతే. ఆ రోజు స్క్రీన్ ముందు కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

అన్నయ్యకి ఫోన్ చేస్తే దాహబ్‌లో జరిగింది చెప్పాడు. 50 మీటర్ల డైవ్, అడుగున 20 నిమిషాలు. ఆఖరి స్టాప్ 6 మీటర్ల దగ్గర, ఆక్సిజన్ పీలుస్తూ. బడ్డీ కంప్యూటర్ పైకి వెళ్లొచ్చు అంది. అన్నయ్యది ఇంకా 6 నిమిషాలు అంది.

"ఏది కరెక్ట్ అన్నయ్యా?"

"రెండూ కరెక్టే రా. వాడు పెట్టుకున్న అంకెలు వేరు, నేను పెట్టుకున్నవి వేరు."

"మరేం చేశారు?"

"ఎక్కువ చూపించేదాన్నే ఇద్దరం పాటించాలని ఒడ్డు మీదే అనుకున్నాం. నీళ్లలో, చలికి వణుకుతూ తీసుకునే నిర్ణయం కాదది."

నాకు నచ్చింది అదే. ఎంత రిస్క్ అన్నది కంప్యూటర్ నిర్ణయించదు. మనిషే పొడి బట్టల్లో, ప్రశాంతంగా ఉన్నప్పుడు నిర్ణయించుకుని దానికి చెప్తాడు. నీళ్లలో అది ఆ మాట మీద నిలబెడుతుంది. ఆ మోడల్ కూడా ఆఖరి మాటేం కాదు. లోతులోనే ముందుగా ఆగడం మంచిదని చాలామంది డైవర్లు ఏళ్ల తరబడి నమ్మారు. 2011లో అమెరికా నేవీ ప్రయోగం ఫలితాలు వచ్చాయి. ఆగిన మొత్తం సమయం ఒకటే అయినా, లోతులో ఎక్కువ ఆగిన పద్ధతిలోనే ఎక్కువ మందికి డీకంప్రెషన్ జబ్బు చేసింది. దాంతో చాలామంది తమ మొదటి అంకె పెంచుకున్నారు.

సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు అమ్మ అడిగింది, "చేతికి కంప్యూటర్ ఉందిగా, అన్నీ అదే చూసుకుంటుందిలే, ఏరా?"

అవునంటే ఆమెకి నిద్ర పడుతుంది. కానీ అనలేకపోయాను. "అది లెక్క చెప్తుందమ్మా. చూసుకోవాల్సింది అన్నయ్యే" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఫోన్ అందుకుని అన్నయ్యకి చేసింది.

ఇప్పుడు పెద్ద డైవ్ ఉన్న ముందు రోజు అన్నయ్య మా ఫ్యామిలీ గ్రూప్‌లో లోతు, రెండు అంకెలు పెడతాడు. "రేపు 45 మీటర్లు, 40/75" అని. అంకెలు నేను చూస్తాను. అమ్మకి అవి అర్థం కావు. ఆమె అడిగేవి రెండే: నిద్రపోయావా, మంచినీళ్లు తాగావా. ఆ రెండూ అతని కంప్యూటర్ అడగనివే.