గొలుసుకు అందని హద్దులు

భద్రాచలం వైపు ఇల్లు కొనేముందు సర్వేయర్‌తో కొలిపిస్తున్నారా? మంచిదే. హద్దురాళ్లు, సర్వే నంబరు, అటవీ భూమి ఎక్కడ మొదలవుతుందో తేలతాయి. కానీ కొలత సరిపోతే హక్కు వచ్చినట్టు కాదు. ఇక్కడ 1/70 చట్టం ఉంది. ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి అమ్మితే చెల్లదు, అమ్మేవాళ్లు గిరిజనేతరులైనా సరే. నోటరీ కాగితాలు దాన్ని మార్చలేవు.

2014 నుంచి ఇంకో మెలిక: భద్రాచలం తెలంగాణలో, ఆనుకునే ఉన్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లో. రికార్డు ఏ రాష్ట్రం తహసీల్దారు దగ్గరుందో చూసుకోవాలి.

ఇక గోదారి. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకు. 2022 జులైలో 71 దాటింది. బయానా ఇచ్చేముందు పక్కింటివాళ్లనీ అడగండి: "అప్పుడు నీళ్లు ఎందాకా వచ్చాయండీ?"