కొనడమా? కూర్చుకోవడమా?

నేడు మన ఇళ్లలో హాలు అంటే అతిథులు కూర్చునే చోటు మాత్రమే కాదు, ఇంటిల్లిపాదీ కలసి ఒక తెరను చూసే చోటు కూడా. ఆ తెర వెలగగానే మొదట ఏమి కనిపించాలో ఎవరు నిర్ణయిస్తున్నారు? టీవీకి తగిలించే చిన్న పరికరాన్ని కొనేటప్పుడు మనం ధర అడుగుతాం, గ్యారంటీ ఎన్నేళ్లో అడుగుతాం. ఈ ప్రశ్న మాత్రం అరుదుగా అడుగుతాం. గత సంవత్సరం ఉప్పల్‌లోని మా అత్తవారింట, నాచారంలోని మా పుట్టింట దాదాపు ఒకే సమయంలో ఈ అవసరం ఏర్పడింది. ఒక ఇంట పరికరాన్ని కొన్నాం, మరొక ఇంట విడిభాగాలు తెచ్చి కూర్చుకున్నాం. రెండు నిర్ణయాలూ సరైనవేనని నా అభిప్రాయం. ఎందువల్లనో పాఠకులతో పంచుకోవాలనిపించింది.

నగరపు తూర్పు దిక్కుకు టీవీతో ఉన్న అనుబంధం పాతది. 1967లో ఏ.ఎస్. రావు గారి సారథ్యంలో ఏర్పడిన ఈసీఐఎల్ తయారుచేసిన ‘ఈసీ టీవీ’ ఒకప్పుడు దేశంలో ఎన్నో మధ్యతరగతి ఇళ్లలో కనిపించేది. ఆయన పేరు మీదనే ఏ.ఎస్. రావు నగర్ వెలసింది. మా అబ్బా నాచారం పారిశ్రామికవాడలోని ఒక చిన్న కార్ఖానాలో ట్రాన్స్‌ఫార్మర్లకు తీగ చుట్టే పని చేసేవారు. ఇంటికి ఏ కొత్త వస్తువు వచ్చినా ఆయన అడిగేది ఒకటే: “ఇది ఆగిపోతే ఈ ఇంట్లో ఎవరికి తెలుస్తుంది, ఏం చేయాలో?”

పుట్టింటి అవసరం సినిమాలు కాదు. అమ్మీ బీరువా అడుగు అరలో పద్నాలుగు వీడియో క్యాసెట్లు ఉన్నాయి. పెళ్లిళ్లు, అఖీఖాలు, హజ్‌కు వెళ్లేవారిని సాగనంపిన రోజులు. ఒక క్యాసెట్‌లో మా నానా మాట్లాడిన పది నిమిషాలు ఉన్నాయి. ఆయన గొంతు మరెక్కడా లేదు. అయస్కాంత టేపు కాలం గడిచేకొద్దీ క్షీణిస్తుంది. వాటిని ఆడించే యంత్రాలూ కనుమరుగవుతున్నాయి. జపాన్‌కు చెందిన ఫునాయ్ సంస్థ 2016లో వీసీఆర్‌ల తయారీ ఆపివేసింది. ఆ పని అప్పటిదాకా చేస్తున్న చివరి సంస్థ అదే. మరోవైపు అమ్మీ జ్ఞాపకశక్తి తగ్గుతూ వస్తోంది. టేపులూ, వాటిలోని మనుషులను గుర్తుపట్టగలిగే కళ్లూ రెండూ చేజారకముందే ఈ పని జరగాలి.

తమ్ముడు మొదట కొనమనే అన్నాడు. ఐదు వేలలోపు దొరికే స్టిక్‌ను టీవీ వెనుక తగిలిస్తే చాలు. చందా కట్టే యాప్‌లన్నీ పూర్తి నాణ్యతతో వస్తాయి. వాదన బలమైనదే. కానీ అది తెరవగానే కనిపించేది ప్రకటనలు, కంపెనీ ముందుకు నెట్టదలచిన సినిమాలు, సీరియళ్లు. మన క్యాసెట్లు ఎక్కడో నాలుగు మెట్లు దిగితే గాని కనిపించవు. నానాను చూడాలని కూర్చున్న అమ్మీకి ఆ నాలుగు మెట్లు దాటడం సాధ్యం కాదు.

తెర మనల్ని చూపులతో కొలుస్తుందన్నది కూడా కట్టుకథ కాదు. వీక్షకుల అనుమతి సక్రమంగా తీసుకోకుండా కోటీ పది లక్షల టీవీలలో ఏమి చూస్తున్నారో సేకరించిందన్న అభియోగంపై, 2017లో అమెరికాకు చెందిన విజియో సంస్థ 22 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది.

ఇంకొక రకం పెట్టెలు కూడా బజారులో ఉన్నాయి. పేరూ ఊరూ లేని ఆండ్రాయిడ్ పెట్టెను చూపించి, “చందా అక్కర్లేదు, అన్నీ ఉచితం” అని అమ్ముతారు. వాటి జోలికి పోవద్దని మా ఇంట అందరమూ ఏకాభిప్రాయానికి వచ్చాం. ఇతరుల కష్టాన్ని దొంగ ప్రతులుగా చూడటం ధర్మం కాదు. పైగా అటువంటి పెట్టెలలో కొన్నింటిలో అమ్మకానికి ముందే హానికర ప్రోగ్రాములు చొప్పించి ఉంటున్నాయని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ 2025 జూన్‌లో హెచ్చరించింది. ఆ పెట్టె ద్వారా నేరగాళ్లు మన ఇంటి ఇంటర్నెట్‌ను తమ పనులకు వాడుకోగలరు.

కూర్చుకుందామన్నది తమ్ముడి కూతురు, ఇంజనీరింగ్ రెండవ సంవత్సరం విద్యార్థిని. ఆమె ఎంచుకున్నది రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటరు. పిల్లలు చౌకగా ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలన్న తలంపుతో బ్రిటన్‌లోని కేంబ్రిడ్జ్‌లో రూపుదిద్దుకుని, 2012లో మార్కెట్‌లోకి వచ్చింది. దాని మీద నడిచే ఉచిత ప్రోగ్రామ్ పేరు కోడి. ఎక్స్‌బాక్స్ అనే ఆట యంత్రం కోసం ఔత్సాహికులు ప్రారంభించిన ఆ ప్రోగ్రామ్‌కు 2014లో ఈ పేరు పెట్టారు. పేరు వినగానే అమ్మీ, “గుడ్లు కూడా పెడుతుందా?” అని నవ్వారు. కోడి తనంతట తాను సినిమాలేవీ ఇవ్వదు. మనం హార్డ్‌డిస్కులో పెట్టినదాన్ని వరుసగా పేర్చి చూపిస్తుంది. మాకు కావలసినది సరిగ్గా అదే.

మా అమ్మాయి హబ్సిగూడలో మెట్రో ఎక్కి ప్యారడైజ్‌లో దిగి, పార్క్‌లేన్‌లోని సీటీసీకి వెళ్లి బోర్డు, అడాప్టరు, డబ్బా, మెమరీ కార్డు, తీగ తెచ్చింది. మొత్తం దాదాపు ఎనిమిది వేలు అయింది. అంటే కూర్చుకుంటే డబ్బు ఆదా అవుతుందన్నది నిజం కాదు. శ్రమ కూడా అదనం. బంధువుల అటక మీద దొరికిన వీసీఆర్‌ను కంప్యూటరుకు కలిపి క్యాసెట్లను నకలు తీశారు. గంట టేపుకు గంట సమయం పడుతుంది, తొందరపెట్టడానికి వీలులేదు. ముప్పై ఒక్క గంటల టేపు పూర్తయ్యేసరికి రెండు నెలలు గడిచాయి. అంతా కలిపినా హార్డ్‌డిస్కులో నూరు జీబీ కూడా నిండలేదు.

లోపాలు కూడా చెప్పాలి. చందా కట్టే సినిమా సంస్థలు తమ ధ్రువీకరణ పొందిన పరికరాలకే మేలైన నాణ్యతను పంపుతాయి. మనం కూర్చుకున్న దానిలో ఆ యాప్‌లు మసకగా వస్తాయి, లేదా అసలు రావు. కరెంటు హఠాత్తుగా పోతే మెమరీ కార్డు చెడిపోయే ప్రమాదమూ ఉంది.

అన్నిటికన్నా పెద్ద లోపాన్ని ఎత్తి చూపింది అబ్బా. “బేటీ, రేపు నువ్వు ఉద్యోగమనో, పెళ్లయ్యో వెళ్లిపోతావు. ఆ తర్వాత ఇది ఆగిపోతే?” అన్నారు. ఆ పిల్ల రెండు రోజులు ఆలోచించింది. సిద్ధం చేసిన కార్డుకు నకలు తీసి కవరులో పెట్టింది. బొమ్మ రాకపోతే ఏమి చేయాలో తెలుగులోనూ, ఉర్దూలోనూ ఒక కాగితం మీద రాసి టీవీ బల్ల సొరుగులో ఉంచింది. తొమ్మిదో తరగతి చదివే తన తమ్ముడి చేత ఖాళీ కార్డు నుంచి మొదలుపెట్టి పనంతా మళ్లీ చేయించింది. హార్డ్‌డిస్కుకు మరొక ప్రతి తీసి ఉప్పల్‌లో మా ఇంట దాచింది. అప్పుడు గాని అబ్బా ఒప్పుకోలేదు.

ఇప్పుడు ఆ టీవీ వెలిగితే కుటుంబ సభ్యుల పేర్లు మాత్రమే కనిపిస్తాయి. టీవీ రిమోట్‌తోనే పెట్టెను కూడా నడిపించే ఏర్పాటు ఉండటం వల్ల అమ్మీ ఒక బాణం గుర్తు, ఒక ఓకే నొక్కితే సరిపోతుంది. ఆమె చూస్తూ, “ఆ మూలన కూర్చున్నది మా చిన్నమ్మ, వరంగల్ నుంచి వచ్చింది” అంటారు. మా అమ్మాయి వెంటనే ఆ పేరు రాసుకుంటుంది. అలా ఇప్పటికి నలభైకి పైగా పేర్లు చేరాయి. వాటిలో సగం పేర్లు అబ్బాకు కూడా తెలియవు. కొన్ని రోజులు అమ్మీకి ఏ పేరూ గుర్తు రాదు. ఆ రోజుల్లో ఊరకే చూస్తారు.

మరి ఉప్పల్‌లో మేము కొన్నదేమిటి? తమ్ముడు చెప్పిన స్టిక్కే. మా వారూ నేనూ ఉద్యోగాలకు వెళతాం. అత్తగారికి కార్యక్రమాలు, పిల్లలకు పాఠాలు, ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ ఉన్నరోజు అందరికీ క్రికెట్. ఇవన్నీ చందా యాప్‌లలోనివే. కూర్చుకున్నదాన్ని కనిపెట్టుకుని ఉండే తీరిక మా ఇంట ఎవరికీ లేదు. అయితే కొన్న రోజే సెట్టింగులలోకి వెళ్లి, వాటంతట అవి ఆడే ప్రకటన వీడియోలను ఆపివేశాం. మా అలవాట్లను బట్టి ప్రకటనలు చూపే అనుమతిని తీసివేశాం. పిల్లలకు వేరే ఖాతా తెరిచి, కొనుగోళ్లకు పిన్ పెట్టాం. పగ్గం పూర్తిగా మా చేతికి రాలేదు గానీ, కొంత వచ్చింది.

కనుక ఈ విషయంలో ధర కంటే బాధ్యత ముఖ్యం. కొంటే బరువు కంపెనీది, పగ్గమూ చాలావరకు కంపెనీదే. కూర్చుకుంటే పగ్గం మనది, బరువూ మనదే. మీ ఇంట చూడదలచినది చందా యాప్‌లలోనిదైతే నిస్సంకోచంగా కొనండి, సెట్టింగులు సరిచూడండి. చూడదలచినది మీ ఇంటిదే అయితే, బాగుచేయగలవారు కనీసం ఇద్దరు ఉంటేనే కూర్చుకోండి. ఇంకా ఏదీ తేల్చుకోలేకపోతే అది ఆగినా ఫరవాలేదు. బీరువాలోని క్యాసెట్లు మాత్రం ఆగవు. వాటిని ఈ నెలలోనే బయటకు తీసి నకలు తీయించండి. ఆ తర్వాత పెద్దవారి పక్కన కూర్చుని, తెర మీద ఎవరెవరు ఉన్నారో అడిగి రాసుకోండి.