సొరంగంలో సిగ్నల్ ఉండదు

విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే పొద్దుటి బండి ఎక్కేటప్పుడు నా ప్లాన్ ఒకటే. అమ్మానాన్నలకు బొర్రా గుహలు చూపించాలి, అదీ సెలవు పెట్టకుండా! కిటికీ పక్క సీటు, ఒళ్లో ల్యాప్‌టాప్, చేతిలో ఫోన్. ఇంకేం కావాలి?

కొత్తవలస దాటాక లైన్ కొండల వైపు తిరుగుతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కణ్నుంచి జపాన్‌కు పంపడానికి 1960ల్లో వేసిన దారి ఇది. నాన్న ఇవన్నీ చెబుతూనే ఉన్నాడు. నేను మాత్రం టీమ్ గ్రూపులో ఉన్నాను.

శృంగవరపుకోటలో బండి ఆగింది. మా ఊరే. నాన్న కిటికీలోంచి వేలు చూపిస్తూ ఏదో అన్నాడు. "ఊ" అన్నాను. మళ్లీ అడిగాడు. "సరే నాన్నా, నీ ఇష్టం" అన్నాను. ఘాట్ మొదలయ్యేలోపు క్లయింట్‌కు షీటు పంపాలి మరి.

శివలింగపురం దాటాక సొరంగాలు మొదలయ్యాయి. ఈ లైన్లో యాభైకి పైనే ఉన్నాయి. చీకటి పడగానే బోగీలో పిల్లలంతా ఒకటే కేకలు. బయటికొస్తే పచ్చటి లోయ, ఫోన్లో ఒక గీత సిగ్నల్. నేను చూసింది ఆ గీతనే. ఏం టైప్ చేస్తున్నానో గుర్తుచేసుకునేలోపు మళ్లీ చీకటి. ఒక పని వదిలి ఇంకోదానికి మారినా మనసు కొంత పాతదాని దగ్గరే ఉండిపోతుందట. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో దీనికి 'అటెన్షన్ రెసిడ్యూ' అని పేరు పెట్టారు. మా అమ్మ అంతకుముందే పెట్టింది, పరధ్యానం అని.

బొర్రా స్టేషన్లో దిగగానే టీమ్ లీడ్ మెసేజ్: "ఇది పోయిన నెల షీటు కదా?" ప్లాట్‌ఫామ్ మీదే నిలబడి సరైనది పంపాను.

గుహలోకి దిగాక ఫోన్ పూర్తిగా చచ్చుబడింది. సున్నపురాయి కప్పు నుంచి నీళ్లు చుక్కచుక్కగా పడుతున్నాయి. గబ్బిలాల వాసన. ఆ చుక్కలే వేల ఏళ్లుగా పేరుకుని స్తంభాలయ్యాయి. మేమొచ్చిన రైలు పట్టాలు ఈ గుహ మీదుగానే వెళ్తాయి.

నాన్న మెట్ల మీద కూర్చుని అన్నాడు: "అయితే సోమవారం అడ్వాన్సు తీసేసుకుంటాను, అమ్మలూ."

"దేనికి?"

"ఇంటికి. కోటలో అడిగాను కదా, సరేనన్నావు."

నానమ్మ పోయినప్పట్నుంచి తాళమేసి ఉన్న ఇల్లు. అమ్మొద్దని ఏడాదిగా గొడవ పడుతున్నది నేనే. నా నోట 'ఊ' విని నమ్మలేకే నాన్న రెండోసారి అడిగాడట.

"నేను వినలేదు నాన్నా."

ఆయన కోప్పడలేదు. "తెలుసులే. ఏటా ఆ పెంకులు సర్దించడం ఇక నావల్ల కావట్లేదు. ఈ మెట్లకే నాలుగుసార్లు కూర్చున్నాను, చూశావా?"

చూడలేదు.

తిరుగు బండిలో విశాఖ దాకా టికెట్ ఉన్నా శృంగవరపుకోటలో దిగిపోయాం. వీధి చివరికి నడిచేసరికి చీకటి పడింది. నాన్న జేబులోంచి తాళంచెవి తీశాడు. అది వెంట ఎందుకు తెచ్చుకున్నాడో నేను అడగలేదు. తుప్పుపట్టిన తాళం ఎంతకీ రావట్లేదు. ఫోన్ తీసి టార్చ్ వేసి పట్టుకున్నాను.