ముక్కుపుడక బేరం

మేడ్చల్‌లో మా మేనకోడలు చదివే బడిలో భామాకలాపం ఆడబోతున్నారు. పిల్ల మాత్రం మూతి ముడుచుకున్నది. తనది సత్యభామ వేషం కాదట, చెలికత్తె మాధవి వేషమట!

పిల్లలూ, కూచిపూడివారికి సిద్ధేంద్రయోగి ఇచ్చిన ఈ కథలో నవ్వంతా మాధవిదే. కృష్ణునితో పోట్లాడి, విరహం పట్టలేక సత్యభామ ఉత్తరం రాస్తుంది. భర్త పేరు చెప్పడానికి ఆమెకు సిగ్గు. మాధవి ఊరుకుంటుందా? గుచ్చి గుచ్చి అడుగుతుంది. పైగా, ఉత్తరం చేర్చాలంటే ముక్కుపుడక ఇమ్మంటుంది. ఇంకే నగైనా ఇస్తాను గాని అది మాత్రం ఇవ్వనంటుంది భామ. ఇక చూడండి బేరం!

పూర్వం ఆడవేషాలు కూడా మగవారే కట్టేవారు. భామ వేషానికి పేరుమోసిన వేదాంతం సత్యనారాయణశర్మగారికి 1970లో పద్మశ్రీ వచ్చింది. సూత్రధారుడే భామ ఎదుట మాధవి, కృష్ణుని ఎదుట మాధవుడు!

రాత్రంతా సాగిన కలాపం ఇప్పుడు గంటా రెండు గంటలకు కుదించుకుపోయింది. నాట్యం మిగిలింది, హాస్యం చిక్కిపోయింది. ఆ బడిలోనూ వేళ చాలదని బేరం తీసేయబోయారు. ఇదంతా విన్న మా పిల్ల అడ్డుపడి, పది నిమిషాలు సంపాదించింది.

ఆదివారం శామీర్‌పేట చెరువుగట్టున సాధన చేశాము. భామను నేనే, మీసాలతో సహా! దారిన పోయే అవ్వ ఒకతె ఆగి, కాసేపు విని, "ఇయ్యకు బిడ్డా, ముక్కుపుడక ఇయ్యకు!" అని నాకు బుద్ధి చెప్పింది.