కొత్త యాక్షన్, పాత స్కోరుబుక్కు

తన కడప కోచ్ దగ్గర రెండు పుస్తకాలుంటాయని మా అల్లుడు ఫోన్లో చెప్పాడు. ఒకటి అందరి దగ్గరా ఉండే స్కోరుబుక్కు. రెండోది పిల్లలు బడికి తీసుకుపోయే రూళ్ల నోటుపుస్తకం. అందులో పరుగులుండవు, వికెట్లుండవు. బంతికో అక్షరం ఉంటుందంతే. ‘పా’ అంటే పాత యాక్షన్, ‘కొ’ అంటే కొత్తది. ఆ పుస్తకం నా కళ్లతో చూద్దామని కర్నూల్లో బస్సెక్కి, నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా వాడి ప్రాక్టీసుకు ముందురోజు రాత్రికే కడప చేరాను.

అల్లుడంటే మా అక్క కొడుకు. కుడిచేతి మీడియం పేసర్. కర్నూల్లో మ్యాటింగ్ మీద ఆడి పెరిగాడు. మ్యాటింగ్ మీద బంతి బాగా లేస్తుంది కాబట్టి ఎట్లా వేసినా వికెట్లు పడేవి. వాడి యాక్షన్ గురించి ఎవరూ పట్టించుకోలేదు. నడుము నొప్పి మొదలైనాకే అందరికీ అది గుర్తొచ్చింది. డాక్టరు స్కాన్ తీయించి, ఇట్లాగే వేస్తే వెన్ను దిగువన ఎముక చిట్లుతుంది, యాక్షన్ మార్చుకో, లేదా బ్యాటింగ్ చేసుకో అన్నాడు. కడప కోచ్ వీడియో చూసి ‘మిక్స్‌డ్ యాక్షన్’ అని తేల్చాడు. వెనక కాలు నేలను తాకేటప్పుడు నడుమేమో బ్యాట్స్‌మన్‌కు ఎదురుగా, భుజాలేమో పక్కకు. ఆ తర్వాత క్షణంలో భుజాలు ఇంకా వెనక్కి తిరిగి, అక్కణ్నుంచి ముందుకు విసురుగా వస్తాయి. ఆ మెలికంతా భరించేది వెన్ను కింది భాగమే. యువ ఫాస్ట్ బౌలర్లలో స్ట్రెస్ ఫ్రాక్చర్లకు ఇదొక పెద్ద కారణమని క్రీడావైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు.

కడప అంటే క్రికెట్ వాళ్లకు వై.ఎస్. రాజారెడ్డి-ఏసీఏ స్టేడియం గుర్తొస్తుంది. రంజీ మ్యాచ్‌లు జరిగిన మైదానం అది. నేను పోయింది అక్కడికి కాదు, ఊళ్లోని ఓ మామూలు మైదానానికి. చుట్టూ తుమ్మచెట్లు, దూరంగా పాలకొండలు, గడ్డి కంటే మట్టే ఎక్కువ. ఓ మూల రెండు నెట్లు.

“ఈ పక్కకు రాండి సార్, ఎండ తగుల్తాది,” అని కోచ్ తన కుర్చీ నాకిచ్చి, తాను బంతుల పెట్టె మీద కూర్చున్నాడు.

అల్లుడికి ఆ రోజుకు ఫుల్ రనప్ లేదు. క్రీజు దగ్గర నిలబడి కొన్ని బంతులు, తర్వాత మూడడుగుల నుంచి, ఆ తర్వాత ఏడడుగుల నుంచి. వెనక కాలు పడేచోట సున్నంతో ఒక గీత. బొటనవేలు ఆ గీత వెంబడే వికెట్ల వైపు చూడాలి. ముందు కాలు పడే తావు పక్కన ఓ ప్లాస్టిక్ కోను. కాలు అడ్డం పడిందంటే కోను ఎగిరి పడుతుంది, ఇంక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. ఏడడుగుల నుంచి వేసేటప్పుడు ఆ కోను చాలాసార్లు ఎగిరింది. ప్రతిసారీ వాడే పోయి తెచ్చి మళ్లీ నిలబెట్టుకున్నాడు. నిలబడి వేసినప్పుడు చక్కగా వచ్చిన యాక్షన్ పరుగు తోడయ్యేసరికి పాత దారి పట్టేది. ఒంటికి తీరిక దొరకకపోతే అది తనకు తెలిసిన పనే చేస్తుంది.

“ఎడం చెయ్యి! ఎడం చెయ్యి కిందికి గుంజు. మిగతాది మర్చిపో,” అని కోచ్ అరుస్తున్నాడు. భుజాల గురించి గానీ, నడుము గురించి గానీ వాడితో ఒక్క మాట అనడు. ఎందుకని అడిగితే, “నాలుగు చెప్తే నాలుగూ పోతాయి సార్. ఎడం చెయ్యి నేరుగా దిగితే భుజాలు వాటంతటవే దారికొస్తాయి,” అన్నాడు.

అసలు చూడాల్సింది మర్నాటి మ్యాచ్. టౌన్ లీగ్‌లో రెండు జట్ల మధ్య మామూలు పోటీ. కోచ్ బౌండరీ గీత బయట, పక్కనుంచి యాక్షన్ కనబడే చోట కూర్చుని నోటుపుస్తకం తెరిచాడు. నేను తొంగిచూశాను. మొదటి ఓవరంతా ‘కొ’లే. వేగం లేదు, రెండు వైడ్లు పోయాయి, కానీ అన్నీ ‘కొ’లే. రెండో ఓవర్లో కవర్స్ మీదుగా ఒక ఫోర్ పోయింది. అల్లుడు ముఖం తుడుచుకుని రనప్ చివరికి నడిచిపోయే తీరులోనే నాకు అర్థమైంది, ఈసారి కోపంగా వస్తాడని. వచ్చాడు. ఆ బంతి పాత వేగంతో పోయి మిడిల్ స్టంప్ పీకింది. జట్టంతా వాణ్ని ఎత్తుకుంది. కోచ్ పుస్తకంలో ‘పా’ అని రాసి, కింద గీత గీశాడు.

“వికెట్ పడింది కదా సార్?” అన్నాను.

“పడింది సార్. దాంతో ఇంకో నెల వెనక్కి పోయినట్టే. పాతది పనికొస్తాదని వాని ఒంటికి మళ్లా తెలిసిపాయ.”

ఈ మాట విన్నాక నాకు గోల్ఫ్ గుర్తొచ్చింది. మా సీమలో ఆ ఆట ఊసు తక్కువ. తెలుగువాళ్లకు గోల్ఫ్ అంటే గోల్కొండ కోటలోని కోర్సో, విశాఖలోదో. కానీ యాక్షన్ మార్చుకునే కష్టాన్ని అందరికంటే ఎక్కువగా మాట్లాడుకున్నది గోల్ఫర్లే. దానికో కారణముంది. బ్యాటింగ్‌లో బంతి మన మీదికొస్తుంది, ఆలోచనకు తావుండదు. గోల్ఫ్‌లో బంతి కదలకుండా కూర్చుంటుంది, మొదలుపెట్టాల్సింది మనమే. ఆ కాస్త నిశ్శబ్దంలో వంద అనుమానాలు దూరతాయి. బౌలరుదీ అదే బాధ: బంతి తన చేతిలోనే ఉంది, పరుగు తానే మొదలుపెట్టాలి. అందుకే బ్యాట్స్‌మన్ కంటే బౌలరే గోల్ఫర్‌కు దగ్గరి చుట్టం అంటాను.

ఇంగ్లండ్ గోల్ఫర్ నిక్ ఫాల్డో అప్పటికే గెలుస్తున్నవాడు. 1985లో డేవిడ్ లెడ్‌బెటర్ అనే కోచ్ దగ్గర స్వింగ్ మొత్తం విప్పి మళ్లీ కట్టుకున్నాడు. దాదాపు రెండేళ్లు పట్టింది. ఆ మధ్యలో టోర్నమెంట్లు ఆడుతూనే ఉన్నాడు, ఓడుతూనే ఉన్నాడు. 1987లో మ్యూర్‌ఫీల్డ్‌లో ఓపెన్ గెలిచినప్పుడు చివరి రౌండ్‌లో 18 హోల్స్‌కూ 18 పార్‌లు, అంటే ప్రతి హోల్‌కూ లెక్క ప్రకారం ఎన్ని దెబ్బలో సరిగ్గా అన్నే. టైగర్ వుడ్స్ ఇంకా వింత. 1997లో మాస్టర్స్‌ను 12 స్ట్రోక్‌ల తేడాతో గెలిచి, నా స్వింగ్ సరిగా లేదని బుచ్ హార్మన్‌తో మార్పు మొదలుపెట్టాడు. 1998లో పీజీఏ టూర్‌లో ఒక్క టోర్నీయే గెలిచాడు. 1999లో ఎనిమిది. 2000లో మేజర్లనే నాలుగు పెద్ద టోర్నీల్లో మూడు.

అందరికీ ఇట్లా కలిసిరాలేదు. ఐర్లండ్‌కు చెందిన ప్యాడ్రిగ్ హ్యారింగ్టన్ 2008లో రెండు మేజర్లు గెలిచి, ఆ వెంటనే స్వింగ్ మార్చే పనిలో పడ్డాడు. మళ్లీ మేజర్ దక్కలేదు. క్రికెట్‌లో జేమ్స్ అండర్సన్ కథ కోచ్‌లందరూ చదవాల్సింది. వెన్ను కాపాడతామని ఇంగ్లండ్ కోచ్‌లు అతని యాక్షన్ మార్చారు. వేగం పోయింది, 2006లో వెన్నులో స్ట్రెస్ ఫ్రాక్చర్ కూడా వచ్చింది. తన పాత యాక్షన్‌కే తిరిగిపోయాక నిలదొక్కుకుని, మొత్తం 704 టెస్టు వికెట్లతో 2024లో అంతర్జాతీయ క్రికెట్ ముగించాడు. మన తెలుగు కుటుంబంలో పుట్టిన అమెరికా గోల్ఫర్ సాహిత్ తీగలకు వెన్ను వంకర ఉంది. పుస్తకంలో చెప్పినట్టు ఊపడం అతనికి కుదరదు. కుదిరినట్టే ఊపి 2023లో ఫార్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచాడు.

అండర్సన్ సంగతి చెబితే కోచ్ ఏమీ నొచ్చుకోలేదు. “నొప్పి లేనోన్ని నేను ముట్టుకోను సార్. బుమ్రా నా కాడికి చిన్నప్పుడొచ్చినా ముట్టుకునేవాన్ని కాదు. ఈ పిల్లోనికి నొప్పి ముందే ఉంది,” అన్నాడు. నాకు సబబుగానే తోచింది.

తిరిగొచ్చే ముందు ఎర్రమల్లె పోదామన్నాడు అల్లుడు. వీరపునాయునిపల్లె మండలంలోని ఊరు. నాపరాళ్ల లారీలు తిరిగే ఎర్రగుంట్ల వైపునుంచి లోపలికి పోవాలి. శనగ, పొద్దుతిరుగుడు, అక్కడక్కడా చీనీతోటలు. ఊళ్లో చూడటానికి ప్రత్యేకంగా ఏమీ లేదు. వాడికి కావలసింది ఆ ఊరి పేరు రాసిన బోర్డు పక్కన ఒక ఫోటో.

శ్రీ చరణి ఊరది. 2004లో పుట్టింది, తండ్రి ఆర్టీపీపీలో, అంటే రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఉద్యోగి. ఎడమచేతి స్పిన్నర్‌గా లోకానికి తెలిసిన ఈ అమ్మాయి మొదట వేసింది పేస్. తర్వాత స్పిన్‌కు మారింది. యాక్షన్‌లో ఓ ముక్క మార్చుకోవడం కాదది, రనప్ నుంచి వేళ్ల పట్టు దాకా అంతా వదులుకుని మళ్లీ మొదలుపెట్టడం. 2024 డిసెంబరు డబ్ల్యూపీఎల్ వేలంలో ఢిల్లీ క్యాపిటల్స్ ఆమెను 55 లక్షలకు తీసుకుంది. 2025 జూన్‌లో నాటింగ్‌హామ్‌లో తొలి టీ20 అంతర్జాతీయ మ్యాచ్‌లోనే ఇంగ్లండ్ మీద 12 పరుగులకు 4 వికెట్లు. ఆ నవంబరు 2న నవీ ముంబైలో భారత్ మహిళల వన్డే ప్రపంచకప్ ఎత్తినప్పుడు ఆ టోర్నీలో ఆమె వికెట్లు 14. పేస్ వదిలి స్పిన్ పట్టిన కొత్తలో ఆమె గణాంకాలు చూసి ఎవరైనా పక్కన కూర్చోబెట్టి ఉంటే ఈ అంకెలేవీ ఉండేవి కావు.

మన దగ్గర సమస్య అక్కడే ఉంది. జిల్లా జట్లకు ఎంపిక జరిగేటప్పుడు గడిచిన మ్యాచ్‌ల అంకెలే చూస్తారు. యాక్షన్ మార్చుకుంటున్న పిల్లాడి అంకెలు ఆ సీజన్‌లో బాగుండవు, బాగుండకూడదు కూడా. బాగుంటే వాడు దొంగచాటుగా పాతదే వేస్తున్నట్టు. ఫలితంగా పిల్లలు నెట్స్‌లో ఒకటి, మ్యాచ్‌లో ఇంకొకటి వేస్తారు. తండ్రులు వికెట్లు లెక్కపెట్టి ఇంటికి తీసుకుపోయి కోళ్లు కోస్తారు. నడుము ముప్పైకి ముందే పోతుంది. ఫాల్డోకు రెండేళ్లు ఓడిపోయే స్తోమత ఉంది. కడపలో అద్దెగది తీసుకుని ఉంటున్న పిల్లాడికి అది లేదు.

సెలెక్టర్లకు నేను చెప్పేదొకటే. డాక్టరు, కోచ్ ఇద్దరూ కలిసి యాక్షన్ మార్చమన్న పిల్లల పేర్లు సీజన్ మొదట్లోనే రాసి పెట్టుకోండి. ఒక్క సీజన్ వాళ్ల వికెట్లు లెక్కించకండి, బంతులు మాత్రం వేయించండి. నెట్స్‌లో కూర్చోబెడితే కొత్త యాక్షన్ ఎప్పటికీ నెట్స్‌లోనే ఉంటుంది. తండ్రులకూ ఒక మాట. ఈసారి మ్యాచ్ అయ్యాక స్కోరుబుక్కు అడగకండి, కోచ్ దగ్గర రెండో పుస్తకం ఉంటే అదడగండి. లేకపోతే రూళ్ల నోటుపుస్తకం ఒకటి కొని మీరే మొదలుపెట్టండి.