"అయిపోయింది" అనే మాట

మన భాషలో "అయిపోయింది" అనే మాటంత మోసకారి మాట మరొకటి లేదని నా అభిప్రాయం. దర్జీ దగ్గరకు వెళ్ళండి. "అయిపోయిందమ్మా, గుండీలు కుట్టటమే తరువాయి" అంటాడు. ఇల్లు కడుతున్న మేస్త్రీని అడగండి. "అయిపోయినట్టేనండీ, తలుపులు బిగిస్తే సరి" అంటాడు. గుండీలు లేని చొక్కా తొడుక్కోవటమెలాగో, తలుపుల్లేని ఇంట్లో నిద్రపోవటమెలాగో వాళ్ళకే తెలియాలి!

ఈ మాటమీద నాకింత కక్ష దేనికంటే, దాన్ని పట్టుకుని నిలవెయ్యటమే నా ఉద్యోగం. హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేరు కంపెనీలో టెస్టరును. ప్రోగ్రామర్లు రాసినదాన్ని వాడి చూసి, అయిందో కాలేదో తేల్చాలి. "వాళ్ళు వండితే నువ్వు ఉప్పు చూస్తావన్నమాట" అన్నారు మా అత్తగారు. ఇంతకంటె బాగా మా మేనేజరుగారు కూడా చెప్పలేరు.

ఇదివరకు చాలాచోట్ల వంటంతా అయ్యాకనే ఉప్పు చూసేవారు. నెలల తరబడి ప్లాను, నెలల తరబడి రాత, చిట్టచివర పరీక్ష. గంగాళమంతా దించాక ఉప్పు ఎక్కువైందని తెలిస్తే ఏం లాభం? ఈ బాధ పడ్డవాళ్ళే 17 మంది 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే మంచుకొండల విడిదిలో కూడి ఒక ప్రకటన రాశారు. కాగితాల బొత్తికంటె పనిచేసే ప్రోగ్రాము విలువైనదన్నది అందులో ఒక ముక్క. ఆ ధోరణికి "ఎజైల్" అని పేరు పెట్టారు. చురుకుదనం అనుకోండి. మేము అనుసరించే "స్క్రమ్" పద్ధతి అంతకంటె పాతది. జెఫ్ సదర్లాండ్, కెన్ ష్వేబర్ అనే ఇద్దరు 1995లో దాన్ని లోకానికి వివరించారు. పేరు రగ్బీ ఆటనుంచి వచ్చింది.

మా జట్టు ఏడుగురం. రెండేసి వారాలకు ఒక "స్ప్రింటు". మొదటిరోజున చెయ్యగలిగినంత పని ఎంచుకుంటాం. రోజూ పొద్దున్నే 15 నిమిషాలు నిలబడి మాట్లాడుకుంటాం. కూర్చుంటే కబుర్లు సాగుతాయని కాబోలు, నిలబెట్టారు. రెండు వారాలు తిరిగేసరికి పనిచేసే ముక్క ఒకటి చూపించాలి. "అయింది" అనటానికి షరతులు గోడమీద అంటించి ఉన్నాయి. రాసినదాన్ని మరో ప్రోగ్రామరు చదివి ఒప్పుకోవాలి. పరీక్షలన్నీ నెగ్గాలి. నిన్నటిదాకా పనిచేసినదేదీ ఇవాళ చెడకూడదు. వాడబోయే మనిషి వాడి చూడాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా ఆ పనికి సున్నా. సగం పనికి సగం మార్కులు లేవు.

ఆమధ్య ఒక ఆసుపత్రికి ప్రోగ్రాము చేస్తున్నాం. వార్డులో ఏ రోగికి ఏ మందు ఏ వేళకు ఇవ్వాలో నర్సులకు చూపించేది. మూడో స్ప్రింటు తొమ్మిదోనాడు ఒక నర్సమ్మగారు వచ్చారు. స్క్రీనుమీద రోగుల పేర్లు అక్షరక్రమంలో చక్కగా ఉన్నాయి. ఆవిడ రెండు నిమిషాలు చూసి, "మంచం నంబరేదీ?" అన్నారు. మాకిచ్చిన కాగితాల్లో ఆ ముక్కే లేదు.

"ఇవాళ మా వార్డులో ఇద్దరు లక్ష్ములున్నారమ్మా. రాత్రి రెండింటికి నేనొక్కదాన్నే ఉంటాను. ఏ లక్ష్మికి ఏ సూది?" అన్నారావిడ.

ఎవరూ మాట్లాడలేదు.

మర్నాడు లెక్క చెప్పే రోజు. "ఇప్పటికి అయిందని రాసేద్దాం, వచ్చే స్ప్రింటులో సవరిద్దాం" అన్నారు మేనేజరుగారు. ఆయన పైన కూడా అడిగేవాళ్ళున్నారు, పాపం. ఆ స్క్రీను రాసిన కుర్రాడు చేరి ఆరునెలలైనా కాలేదు. నావంక ఆశగా చూశాడు. నాకు జాలి వేసింది. జాలి వేసినా, "కాలేదు" అనే రాశాను. ఆ లక్ష్ముల ముఖం నేను చూడలేదు గాని, చూసినట్టే ఉంది.

సోమవారం పొద్దున అందరం నిలబడ్డాం. ఆ అబ్బాయి తనంతట తనే, "నా పని కాలేదు. నా ఒక్కడివల్లా అయ్యేట్టు లేదు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. మాలో పెద్దవాడొకాయన కుర్చీ లాక్కుని వాడి పక్కన కూర్చున్నాడు. రోగులు మంచాలు మారుతుంటారు గనుక నంబరొక్కటే చాలదని, పేరు, కేసుషీటు నంబరు, మంచం మూడూ కలిపి చూపించారు. ఒకే పేరు రెండుసార్లు వస్తే ఎర్రగీత పడేట్టు చేశారు. నాలుగు రోజులు పట్టింది.

ఈ పద్ధతి ప్రాణమంతా ఆ 15 నిమిషాల్లో ఉందని అప్పుడు నాకు అర్థమైంది. "రావటంలేదు" అన్నవాణ్ణి చులకన చేసేచోట ఆ నిలబడటం ఉత్త హాజరుపట్టీ అయిపోతుంది. రోజూ అందరూ "అయిపోతోంది" అంటారు. చివరికి తెలిసేది వార్డులోనే.

నర్సమ్మగారు మళ్ళీ వచ్చి చూశారు. మెచ్చుకోలేదు, వంక పెట్టలేదు. "మా వార్డులో ఎప్పుడు పెడతారు?" అని మాత్రం అడిగారు. గోడమీది కాగితంలో ఆ ప్రశ్న లేదు గాని, నేను "అయింది" అని రాసింది అది విన్న తరవాతనే.